పియోనీలు పూశాయి, జ్యోత్స్నా

జ్యోత్స్నా,

నువ్వు చూడాలన్న బౌద్ధాలయానికి నిన్న వెళ్లొచ్చాను. ఎడ్మంటన్ నుంచి ఐదు గంటల డ్రైవ్. ఒకప్పుడు జపాన్ నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న చెక్క గుడి అది. చుట్టూ పియోనీలు విరగబూశాయి. పూల బరువుకు కాడలు నేల మీదికి వంగిపోయాయి.

నిరుడు జూన్‌లో నువ్వు అడిగావు. "నాన్నా, ఆ పూలు రెండు వారాలే ఉంటాయట, ప్లీజ్."

"ట్రీట్‌మెంట్ అయిపోనీ తల్లీ, వచ్చే ఏడు వెళ్దాం" అన్నాను.

నిరుడే, ఆకులు రాలేలోపే నువ్వు వెళ్లిపోయావు. నిన్న అమ్మను రమ్మంటే, "దాన్ని తీసుకెళ్లని చోటికి ఇప్పుడు నేనెందుకండీ?" అంది. ఒక్కణ్ణే బయల్దేరాను.

గుడి చూసుకునే ఒక పెద్దావిడ నన్ను లోపలికి పిలిచింది. పోయినవాళ్ల పేరు రాసిస్తే సాయంత్రం ప్రార్థనలో చదువుతామంది. కాగితం మీద ఇంగ్లిష్‌లో నీ పేరు రాసిచ్చాను.

"దీన్నెలా పలకాలి?" అని అడిగింది.

నువ్వు పోయాక ఇంటికి వచ్చేవాళ్లెవరూ నీ పేరు ఎత్తడం లేదు, మేం బాధపడతామని కాబోలు. అమ్మా నేనూ కూడా ఎత్తడం లేదు. ఇన్నాళ్లకు పైకి పలికి చెప్పాను.

ఆవిడ కళ్లు మూసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "జ్యోత్స్న" అంది. "కరెక్టేనా?"

సరిగ్గానే పలికింది తల్లీ. అయినా తల అడ్డంగా ఊపాను, ఇంకోసారి అంటుందని.

నాన్న