గుసగుస ఫోన్ చేసింది

ఆదివారం, మధ్యాహ్నం

అక్కయ్యకు,

నీ చెల్లెలు నమస్కారాలు చెప్పుకుని రాస్తున్న సంగతులు. ఇక్కడ అంతా కులాసా. నీ మోకాళ్ళు, బావగారి దగ్గు ఎలా ఉన్నాయో రాయి. ఇన్నాళ్ళూ ఉత్తరం లేదని అలిగి ఉంటావు. ఇది చదివితే ఆ అలక ఉండదులే.

రిటైరయ్యాక శరణార్థుల ఇళ్ళకు వెళ్ళి మన భాష నేర్పుతానంటే నువ్వేమన్నావో నేను మరిచిపోలేదు. బస్సులో జనం మీద అరిచి అరిచి బతికినదానివి, నీ దెబ్బకు పాపం వాళ్ళు మళ్ళీ దేశం వదిలి పారిపోతారే అన్నావు. కండక్టరు ఉద్యోగం నాకు ఓపిక నేర్పలేదన్నది నిజమే. కానీ నా విద్యార్థిని ఎక్కడికీ పోలేదు. పారిపోవడమంటేనే ఆమెకు విసుగెత్తిపోయింది.

శరణార్థులకు సాయం చేసే సంస్థవాళ్ళు నాకు అప్పగించిన ఈ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. మొగుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు. ఒక చంటిపిల్ల. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. వంటగదిలోనే మా పాఠం. చంకలో పిల్లను వేసుకుని, ఒక కన్ను పొయ్యి మీద పెట్టి, అక్షరాలు దిద్దేది. చదవడం, రాయడం ఇట్టే పట్టేసింది. మాట దగ్గరే తంటా. నోరు విప్పినా, పక్కనే కూర్చున్న నాకు కూడా వినపడేది కాదు. అందుకే గుసగుస అని పేరు పెట్టాను. ఆ మాటకు అర్థం చెబితే, నవ్వు కూడా గుసగుసగానే నవ్వింది.

ఫోనంటే ఆమెకు హడలు. అది మోగితే మీద తువ్వాలు కప్పేసేది. ఎందుకో ఒకరోజు మొగుడు చెప్పాడు. వాళ్ళ దేశంలో ఆమె అన్నయ్య ఎవరితోనో ఫోన్‌లో ఏదో మాట్లాడాడట. ఆ సాయంత్రమే యూనిఫాం వేసుకున్నవాళ్ళు వచ్చి తలుపు తట్టారట. వాళ్ళు తీసుకెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ పోస్ట్‌మాన్ వచ్చినా సరే, పిల్లనెత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోతుంది.

నేను చెంచా చెవి దగ్గర పెట్టుకుని, ఇదే ఫోను, నేను ఆసుపత్రిని, నువ్వు మాట్లాడు అని ఆట ఆడించబోయాను. చెంచా బల్ల మీద పెట్టేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంస్థలో మేడం, తొందరపెట్టకండి, తనే మాట్లాడుతుంది అంది. సరేనన్నాను గానీ లోలోపల ఒకటే బెంగ. మొగుడు పనికి పోయాక పిల్లకేమైనా అయితే ఈ అమ్మాయి ఎవరిని పిలుస్తుంది?

పోయిన వారం ఏమైందో విను. కింది వాటాలో ఉండే ఒక పెద్దావిడ గుసగుస వంటగదిలో మాట్లాడుతూ మాట్లాడుతూ కుర్చీలోంచి కిందికి జారిపోయింది. ఒళ్ళంతా చెమట. నోట మాట లేదు. నేనూ అక్కడే ఉన్నాను గానీ, నా చేత ఏ సాయమూ కాలేదు.

గుసగుస బిగుసుకుపోయి నిలబడింది. తర్వాత పిల్లను చాప మీద కూర్చోబెట్టి ఫోన్ తీసింది. అంబులెన్సువాళ్ళు పలికారు. ఈమె నోరు తెరిచింది, శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. అప్పుడొచ్చింది అక్కా గొంతు! మనిషి పడిపోయింది, గుండె నొప్పి, ఊపిరి ఉంది, మార్కెట్ వెనక పసుపు మేడ, మూడో అంతస్తు అని గడగడా చెప్పేసింది. అవతలివాళ్ళు నెమ్మదిగా చెప్పమన్నారు కాబోలు, నేను నెమ్మదిగానే చెబుతాను, మీరు మాత్రం త్వరగా రండి అంది!

కాసేపటికి తలుపు తట్టారు. యూనిఫాంలో ఇద్దరు. గుసగుస గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. లోపలికి పారిపోతుందేమో అనుకున్నాను. పారిపోలేదు. తలుపు బార్లా తీసింది. పైగా, మెట్ల మీద గుమిగూడిన జనాన్ని చూసి, జరగండి, జరగండి, దారిలో నిలబడొద్దు అని గదమాయించింది. మూడంతస్తులూ దద్దరిల్లాయి. ఆ మాటలు నేను పాఠంగా ఎప్పుడూ చెప్పలేదు. నా నోట వచ్చే బస్సు కేకలు విని పట్టేసినట్టుంది.

ఆవిడ దక్కింది. గుండెకు వెళ్ళే నాళంలో అడ్డు తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. మర్నాడు ఆసుపత్రిలో ఆవిడ దిండుకానుకుని కూర్చోవడం చూసి గుసగుస గుమ్మంలోనే నిలబడిపోయింది. యూనిఫాంవాళ్ళు తీసుకెళ్ళిన మనిషి బతికి ఉండడం నేను చూడటం ఇదే మొదటిసారి అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను, అంతే.

మొగుడికైతే ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. మా ఆవిడా? అరిచిందా? అని కనపడినవాళ్ళనల్లా అడుగుతున్నాడు. ఇక ఇప్పుడు సంస్థలో మేడంకి రోజూ ఫోన్ చేసి కబుర్లట. పని చేసుకోనివ్వడం లేదని ఆవిడ నాతో మొరపెట్టుకుంది. తొందరపెట్టొద్దన్నది మీరేగా అన్నాను.

ఎన్నాళ్ళ బరువో దిగినట్టుంది అక్కా. బావగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మాట ఏనాడూ వినని
చెల్లెలు

తా.క.: అక్కయ్యా, కంగారుపడకుండా చదువు. కింది వాటాలో పెద్దావిడంటూ ఎవరూ లేరు. పడిపోయింది నేనే. ఈ ఉత్తరం ఆసుపత్రి మంచం మీద నుంచే రాస్తున్నాను. ఇప్పుడు బాగున్నాను, ఒట్టు. రేపు ఇంటికి పంపేస్తారు. ముందే చెబితే ఆ మోకాళ్ళతో పరుగెత్తుకుని వస్తావని ఆగాను. చేర్చిన రోజు నర్సమ్మ, సొంతవాళ్ళకు తప్ప లోపలికి అనుమతి లేదు, మీరు ఏమవుతారు అని అడిగిందట. గుసగుస తడుముకోకుండా, నేను ఆమె కూతుర్ని, నన్ను లోపలికి వెళ్ళనివ్వండి అందట. పచ్చి అబద్ధం. వాక్యంలో మాత్రం ఒక్క తప్పు లేదు.