మగ్గం అట్టకు అతికించిన పహిల్వాన్

అక్కా,

నువ్వు పోయాక మూలపడ్డ మగ్గాన్ని ఇవాళ విప్పాం. చీర అంచు డిజైను కోసం బెజ్జాలు కొట్టిన అట్టల్లో ఒకదానికి చిన్నప్పుడు మనం ఆడుకున్న కుస్తీ కార్డుల్లో నాదొకటి అతికించి ఉంది. "గిదేందిరా?" అన్నాడు నాన్న.

ఎప్పుడూ నా కట్ట పైనుండే నంబర్ వన్ పహిల్వాన్. నువ్వే కాజేశావని నెల రోజులు నీతో మాట్లాడలేదు. "నాకు తెల్వదురా" అని మాత్రం అన్నావు.

దొంగ కార్డు చేసుకుందామని ఆ అట్టలోంచి ముక్క కోసింది నేనే. నాన్నకు తెలియకుండా ఆ ఖాళీలో నా కార్డు అతికించి, బెజ్జాలు కొట్టి బాగు చేసింది నువ్వన్నమాట. ఒక్క బెజ్జం కూడా వరుస తప్పలేదు.

సాయంత్రం పాత కార్డులు రెండు వాటాలు వేసి, పహిల్వాన్‌ను నీ వాటాలో పెట్టాను. పెద్దదానివని ఎప్పుడూ ముందు నువ్వే కార్డు తీసి పహిల్వాన్ బరువెంతో చదివేదానివి; ఎక్కువ ఉన్నవాళ్లదే గెలుపు.

ముందు నువ్వు తీస్తావని చాలాసేపు కూర్చున్నాను.