అతుకు నాది, పేరు వాళ్లది

కోయంబత్తూరు,
ఆదివారం

అన్నకు, వదినకు దండాలు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? కొత్తగూడెం దవాఖానాకు తీస్కపోయినవా, రేపు మాపు అనుకుంటనే ఉన్నవా? నేను మంచిగనే ఉన్న, రంది పెట్టుకోకుండ్రి. ఇక్కడ ఒకటే వానలు. హాస్టల్ల మూడు పూటలా సాంబారే. వదినను గోంగూర పచ్చడి పంపమను, కారం గట్టిగ వెయ్యమను.

ఫోన్ల చెప్తే నడుమనే నవ్వుతవని రాస్తున్న. మా కాలేజోళ్లు బ్యాటరీ బండి చేసిండ్రని చెప్పిన గదా. తక్కువ కరెంటుతోని ఎక్కువ దూరం పోవాలె, గదే పోటీ. ఆ బండి చట్రం మొత్తం వెల్డింగ్ చేసింది నేనే అన్నా. దమ్మపేటల మన వెల్డింగ్ షెడ్ల పామాయిల్ గెలల ట్రాలీలకు నువ్వెట్ల నేర్పినవో గట్లనే, పల్చటి పైపుకు ఒక్క బొక్క పడకుండ చేసిన. మరి మా టీం లీడరు కార్తీక్ ఏమన్నడు? "నువ్వు సన్నగున్నవు, డ్రైవర్‌గ కూసో. ఇంకో నాలుగు కిలోలు తగ్గితే బండి ఇంకా దూరం పోతది." మూడు వారాలు అన్నం బంద్ పెట్టించిండ్రు! కీరా ముక్కలు, మజ్జిగ. ఒక దోసె ఎక్కువ తింటే నా ప్లేటు దిక్కే చూసేటోళ్లు. నేను గూడ పిచ్చిదాన్నే, బండి గెల్వాలెనని కడుపు మాడ్చుకున్న.

పోటీ కాడ నన్ను తూకం వేసిండ్రు. డ్రైవర్ ఇంత బరువుకు తగ్గొద్దని రూల్ ఉన్నదంట, తగ్గితే ఇసుక సంచులు పెట్టి నింపాలెనంట! ఆ రూల్స్ మావోళ్లల్ల ఒక్కడన్న చదవలేదు. నేను తినని అన్నానికి బదులు ఇసుక కట్టిండ్రు. ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలె.

అదన్న పోనీ. చెకింగ్ సారు చట్రం మీది వెల్డింగ్ అతుకులు చేత్తోని తడిమి, "మంచిగున్నయి, ఎవరు చేసిండ్రు?" అన్నడు. కార్తీక్ సిగ్గులేకుండ చెయ్యి లేపిండు! నేను సీట్ల కూసొని బెల్టు బిగించుకొని ఉన్న. లోపట్నుంచే "నేను చేసిన సార్" అని ఒర్లిన. హెల్మెట్ల నా మాట ఎవరికి వినబడ్తది? బండి మంచిగనే ఉరికింది, మూడో ప్రైజ్ వచ్చింది. సర్టిఫికెట్ల నా పేరు కాడ "డ్రైవర్" అని ఉన్నది, వెల్డింగ్ కాడ కార్తీక్.

ప్రొఫెసర్ కాడికి పోతే "చిన్న విషయం, అడ్జస్ట్ కామ్మా" అన్నడు. ఏది చిన్నది? చేతుల మీద కాలిన మచ్చలు నాయి. వెల్డర్‌గ నా పేరు రాసేదాక బండెక్కనని మొఖం మీదనే చెప్పి వచ్చిన. వచ్చే నెల ఇంకో పోటీ ఉన్నది, నా లెక్క నడిపేటోళ్లు వాళ్లకు లేరు.

ఇంటోళ్లతోని చెప్పిస్తే ఆడపిల్ల వింటదని వాళ్ల నమ్మకం, నీకు ఫోన్ చేస్తరు. నువ్వు మెత్తటోనివి, సారు మాట్లాడంగనే "సరే సార్" అంటవు. ఈసారి అనకు అన్నా. "మా చెల్లెకు ఆ పని నేర్పింది నేను, ముందు పేరు రాయండి" అని చెప్పి ఫోన్ పెట్టెయ్.

అమ్మ కాళ్లకు, నాయనమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. మీ దీవెన నా మీద ఉండాలె.

నీ చెల్లె,
సరిత