మా పెళ్లి తేదీ

పెళ్లిళ్ల రిజిస్ట్రారు గారికి,

మీ కుర్చీలో అప్పట్లో కూర్చున్నాయన, పెద్దలెవరూ వెంట రాలేదని మా పెళ్లి రాయనన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు గొంతులో ముల్లులాగే ఉంది. ఆ రోజే ఇంటికొచ్చి నేనూ మా ఆవిడా కాపురం పెట్టేశాం. అదే మా పెళ్లి రోజు. పిల్లలు పుట్టారు, వాళ్లకీ పిల్లలు పుట్టారు. కావాలంటే మా లాండ్రీకొచ్చి చూడండి. చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెడతాం. పోట్లాడుకున్న రోజు కూడా అంచుకి అంచు కలుస్తుంది.

శనివారం ఆవిడ కంటికి ఆపరేషను. భర్తనని కాగితం చూపిస్తేనే నన్ను సంతకం పెట్టనిస్తామన్నారు ఆసుపత్రివాళ్లు. మీ దగ్గరికొస్తే మర్యాదగా కూర్చోబెట్టారు, కాదనను. కానీ ఇవాళ్టి తేదీతోనే పెళ్లి రాస్తామన్నారు. ఆలస్యంగా రాయించినా బిడ్డకి పుట్టిన తేదీయే కదండీ వేస్తారు? బిడ్డని కన్నది తల్లి, సర్కారు కాదు. మా పెళ్లీ అంతే. జరిగింది జరిగినట్టు రాసుకోవడమే మీ పని.

"పోనీలే, ఏదో ఒక తేదీ వేయించుకుందాం" అని నేనే మెత్తబడ్డాను. మా ఆవిడ ఒప్పుకుంటేనా!

"కంటి కట్టు విప్పగానే కొత్త మొగుణ్ణి చూడాలా? నాకు పాతోడే చాలు" అంది.

నాకు నవ్వాగలేదు. ఇంక ఆవిడ మాటే నా మాట.

పాత తేదీ వేస్తారో లేదో శుక్రవారం సాయంత్రంలోగా తేల్చి చెప్పండి. షాపు మూసేదాకా చూస్తాను.

ఇట్లు,
ఆవిడ భర్త