జేబు మీద మన రాష్ట్రం

చెల్లాయికి, పెద్దన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ కులాసా. జరిగినది వరుసగా రాస్తున్నాను.

1. నీ బ్రాండు మొదటి చొక్కా అందగానే, జేబు మీద నువ్వు కుట్టిన మన రాష్ట్రం పటాన్ని అట్లాసుతో కొలిచి, తీరం వంపు తప్పిందని పోయిన నెల రాశాను.

2. నిన్న ఆ చొక్కాతోనే పనికి వెళ్లాను. లిఫ్టు నడిపే పెద్దాయన జేబు మీద వేలు పెట్టి, "ఇదుగో, మా ఇల్లిక్కడ. ఎవరు కుట్టారయ్యా?" అన్నాడు.

"మా చెల్లెలు. కానీ వంపు తప్పింది."

"నీ మొహం. మా ఇంటికి దారి తప్పలేదుగా."

3. నిన్న సాయంత్రమే అమ్మ ఉత్తరం అందింది. నా మాట పట్టుకుని ముప్పై చొక్కాల మీది పటం కుట్టు రోజుకు రెండు చొప్పున విప్పుతున్నావట.

చొక్కా తొడుక్కోగానే ఛాతీ ఉప్పొంగిన సంగతి అప్పుడు రాయలేదు. తప్పు నాదే.

పెద్దాయనకు నలభై రెండు సైజు ఒకటి పంపు, పటం ఉన్నదే. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారికి నమస్కారాలు.

ఈ కార్డు నాలుగు రోజులకు గాని చేరదు. ఆలోగా మరో ఎనిమిది విప్పేస్తావు. వాటిని ఆపలేను, మిగిలినవి ముట్టుకోకు.

ఇప్పుడు సాయంత్రం అయిదుంబావు. తపాలా సంచి కట్టేది అయిదున్నరకు.

నీ పెద్దన్నయ్య