తరుగునే తూకం అనుకున్నవాడు

జూన్ 4
బామ్మర్ది మల్లయ్య నర్సింహులపేట నుంచి దిగాడు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. కాలేయం వాచింది, చుక్క ముట్టొద్దు అని దవాఖానలో చెప్పి నెల తిరగలేదు. సంచిలోంచి వోడ్కా సీసా తీశాడు!
"బ్రాందీ బంద్ పెట్టిన బావా. గిది తేట నీళ్లు."
ఏదో త్యాగం చేసినట్టు.

జూన్ 5
రోగం ఎక్కడుందో తెలిసింది. నేను మోకాళ్లకు రాసుకునే బ్రాందీ సీసా మీద 75 డిగ్రీల ప్రూఫ్ అని ఉంది. వాడి వోడ్కా మీద 25 అండర్ ప్రూఫ్.
"డెబ్బై ఐదుకెళ్లి ఇరవై ఐదుకు దిగిన. ఇంకెంత దిగాలె?"
నూటికి పాతిక తక్కువంటే డెబ్బై ఐదే కదా నాయనా! వడ్ల కాంటా దగ్గర తరుగు ఎంత తీశారంటే మిగిలిందెంతో నిద్రలో లేపినా చెప్పే మనిషి. సీసా దగ్గరికొచ్చేసరికి తరుగునే తూకం అనుకున్నాడు.

జూన్ 6
యాదమ్మ అన్నం పెడుతూ — "ఊరందరికి చెప్తవు. నా తమ్మునికి సమజ్ చెయ్యరాదా?"

జూన్ 8
చెప్పాను. ఈ ప్రూఫ్ గోల తెల్లదొరలది. తుపాకి మందును సారాతో తడిపి అంటించేవారట, మండితే సరుకు నిఖార్సు. మనవాళ్లేం తక్కువ తిన్నారు — గుడుంబాలో గుడ్డపేలిక ముంచి అగ్గిపుల్ల గీసేవాళ్లు. మా మేనమామ మీసం సగం అలాగే పోయింది. మిగతా సగం గొరిగించుకోనని పంతం పట్టి, దానితోనే పెళ్లిచూపులకు... ఎక్కడున్నాను? ఆ. వాళ్ల నూరు ప్రూఫ్ అంటే నూటికి యాభై ఏడు పాళ్లు సారా. అందులో నాలుగో వంతు తగ్గిస్తే నలభై రెండు, పైన కాస్త. రెండు సీసాల మీదా ఓ మూలన సన్నటి అచ్చులో 42.8 శాతమనే ఉంది. వేలు పెట్టి చూపించాను.
"అద్దాలు తేలే బావా."

జూన్ 9
అద్దాలతో పనిలేకుండా చూపిద్దామని వాకిట్లో రెండు స్టీలు సాసర్లు పెట్టాను. ఒకదాంట్లో బ్రాందీ, ఒకదాంట్లో వోడ్కా. ఎండకు వెచ్చబడ్డాక అగ్గిపుల్ల. రెండూ నీలంగా అంటుకున్నాయి. మల్లయ్య గొంతుక్కూచుని ఆరిందాకా చూశాడు.
"ఒక్కతీరుగనే మండినయి."
"మరి!"
"అంటే రెండు ఒక్కటేనా?"
"ఒక్కటే. అంతే సారా, అదే సారా."
యాదమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. హమ్మయ్య అనుకున్నాను.
"గట్లయితే ఇన్నొద్దులు గీ సప్పటిది ఎందుకు తాగినట్టు? రేపటిసంది బ్రాందీయే."

జూన్ 10
మల్లయ్య పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాడు. యాదమ్మ నాతో మాట్లాడటం లేదు. చాయ్ కూడా లేదు.

జూన్ 13
మల్లయ్య ఫోన్. గొంతులో పస లేదు. కడుపు ఉబ్బిందట, మానుకోటలో స్కానింగు, తోడు రమ్మంటాడు.
"డాక్టర్ ఏవో అంకెలు చెప్తడు. నీకైతే ఎర్కనాయె."
తాగుతున్నావా అని అడిగాను.
"...వచ్చినంక మాట్లాడుదాం తీ."
బస్సుకు ఇంకా టైముంది. యాదమ్మ చీర మార్చుకుని నా ముందుకొచ్చి నిలబడింది. ఇన్నాళ్లకు మొదటి మాట —
"గా లెక్కలేం వద్దు నాకు. మావోడు బతుకుతడా, గదొక్కటి అడుగు."
సరే అన్నాను. అడుగుతాను. డాక్టరు చెప్పేది మంచి మాట కాకపోతే ఈమెకు ఎట్లా చెప్పను...