అభిజిత్ కాపీ కేసు

మాన్యురాలు, ల్యాబు అధికారిణి శ్రీమతి పద్మ గారికి,

విశ్రాంత ఉపాధ్యాయుడు రామచంద్రం నమస్కారములు. తేదీని, స్థలమును గోప్యతకై వ్రాయలేదు.

పాత పాఠ్యపుస్తకముల ఫొటోలను కంప్యూటరే చదువునట్లు నా మనుమరాలు నవత, అభిజిత్ అను యువకుడు మీ వద్ద ప్రోగ్రాము వ్రాయుచున్నారు. నవత కంప్యూటరులో పదముల పట్టిక దిద్దుట నా వంతు. నిన్న నవత, “తాతా, నేను రాసిందంత అభిజిత్ కాపీ చేసుకున్నడు” అని నవ్వుచు చెప్పినది. నా జీవితమంతయు పరీక్ష గదులలో కాపలా కాచితిని. అతనిని వెంటనే తొలగింపవలెను.

ఇట్లు,
రామచంద్రం

తా.క. నవతకు తెలియరాదు. ప్రక్క గదిలోనే ఉన్నది.

*

సార్‌కు మీ పాత విద్యార్థిని పద్మ నమస్కారాలు.

మా దగ్గర అందరం కాపీ చేస్తం సార్. నేను గూడ చేసిన. గిట్ అని ఒక ఏర్పాటు ఉంది. ప్రోగ్రాం మొత్తం ప్రతి ఒక్కరి దగ్గర ఒక కాపీ ఉంటది. ఎవరి దాంట్ల వాళ్లు మార్చి, ఎందుకు మార్చిన్రో ఒక ముక్క రాసి పంపుతరు. అన్నీ కలిపి క్లస్టర్ మీద, అంటే ఒక్క గదిల కలిసి పనిచేసే కంప్యూటర్ల మీద నడిపిస్తం. జర పరేషాన్ కాకున్రి.

మీ
పద్మ

తా.క. మీరు దిద్దేది గూడ కాపీలనే సార్. స్థలం రాయకున్నా కవర్ మీద చిక్కడపల్లి ముద్ర ఉంది.

*

శ్రీమతి పద్మ గారికి,

మీ లేఖ చదివి, కళ్లజోడు తుడుచుకొని మరల చదివితిని. అధికారిణియే కాపీ చేసితినని సంతకము పెట్టి ఒప్పుకొనుట నేనెరుగను. నారాయణగూడ బడిలో మొదటి బెంచీ పద్మ మీరేనా? మీరు చర్య తీసుకొననందున నేనే తీసుకొనియున్నాను. వివరములు అడుగవలదు.

ఇట్లు,
రామచంద్రం

తా.క. మీ లేఖను ఎర్రసిరాతో దిద్ది జతపరచితిని.

*

సార్‌కు నమస్కారాలు.

సోమవారం పెద్దసార్లు మా పని చూడ వచ్చిన్రు. వాళ్ల ముందట నడిపిస్తే ప్రోగ్రాం ఒక్క అక్షరం చదవలే. చూస్తే అభిజిత్ రాసిన భాగమంత కొట్టేసి ఉంది, నవత కంప్యూటర్ నుంచి, నవత పేరు మీద. ఆమెను తీసేద్దామన్నరు. అంతల అభిజిత్ లేచి, “ఆమె కంప్యూటర్ల నేనే తప్పు నొక్కిన సార్” అన్నడు. ఇప్పుడు అతన్ని తీసేస్తున్నరు. గురువారం కాయితం ఇస్తరు.

ప్రోగ్రాంకేం కాలే. పాతదంత గిట్‌ల భద్రంగ ఉంటది, చాయ్ తాగేలోపు తిరిగి తెచ్చినం. కాని మార్చినందుకు కారణం చూసిన. మా పిల్లలు “సరిచేసిన”, “మళ్ల సరిచేసిన” అనే రాస్తరు. ఈడ, “అన్యాయార్జితములగు పంక్తులను తొలగించడమైనది” అని ఉంది. నేను ఎవరికీ చెప్పలే. చెప్పాల్సింది మీరే సార్.

మీ
పద్మ

తా.క. దాని కింద, “తేదీ, స్థలము గోప్యము” అని గూడ ఉంది.

*

చిరంజీవి పద్మకు,

స్థలం: చిక్కడపల్లి, మా ఇల్లు.

ఆ పంక్తులను కొట్టివేసినది నేనే. నవత హిమాయత్‌నగర్ వెళ్లిన సమయమున చేసితిని. ఆమె ఎరుగదు. అభిజిత్ దానిని తాకనైన లేదు. ప్రక్కవాని జవాబు తనదనినవారిని ఎందరినో పట్టుకొంటిని. ప్రక్కవారి తప్పు తనదనినవానిని ఇప్పుడే చూచుచున్నాను. ఇంకను తేరుకొనలేదు.

ఇట్లు,
రామచంద్రం

తా.క. ఈ లేఖను ఎవరైనను కాపీ చేసుకొనవచ్చును. అయితే గురువారమునకు ముందే, పెద్దసార్లందరి ఎదుట, అభిజిత్‌ను నిలబెట్టక కూర్చుండబెట్టి, దీనిని బిగ్గరగా చదివి వినిపింపవలెనని నా మనవి.